కార్డు మారింది మామయ్యా

మామయ్యకి,

నీ మేనకోడలు నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం, నా బుర్ర ఒక్కటే బాగాలేదు. పెద్ద పెద్ద ఆటలు ఆడే కంప్యూటర్ ఒకటి నా చేతులతో నేనే బిగించుకుంటున్నాను. ఇంతకాలం అన్నయ్య వాడి వదిలేసిన దాంతోనే ఆడాను. అందులో శత్రువు నన్ను చంపేశాక గానీ తెర మీద కనపడడు. బొమ్మలు చకచకా గీసే గ్రాఫిక్స్ కార్డు మంచిది పడితే ఈ బాధ ఉండదు. మిగతా సామాను కొనేశాను. కార్డు దగ్గరే ఏది కొనాలో తేలక ఆగిపోయాను.

షెడ్డు మూసేసి అద్దెకిచ్చేస్తానంటున్నావని అత్తయ్య చెప్పింది. అందరూ రెడీమేడ్ బల్లలు కొనుక్కుంటున్నారు, వడ్రంగి ఎవరికి కావాలి అన్నావట. నాకు కావాలి. మూసేలోపు నా కంప్యూటర్‌కి ఒక చెక్క పెట్టె చేసిపెట్టు. రెండు ఫ్యాన్ల కార్డు కొందామనుకుంటున్నాను. దాని సైజుకి అట్ట కత్తిరించి ఇందులో పెట్టాను.

నీ కోడలు

తా.క.: ఫోన్లో చెబితే "ఆఁ ఆఁ" అని పెట్టేసి, కొలతలు మర్చిపోతావు. అందుకే ఉత్తరం.


కోడలు పిల్లకి,

మామయ్య దీవెనలు. సరేనే, నీ పెట్టెతోనే ముగిస్తాను. షెడ్డు అడిగిన ప్లాస్టిక్ కుర్చీల వ్యాపారి రోజూ వచ్చి నా కళ్ళముందే గోడలు కొలుచుకుంటున్నాడు. పైకి నవ్వుతున్నాను గానీ, నా ప్రాణం ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు.

పెట్టె పూర్తయింది. నువ్వు పంపిన కార్డులు రెండూ అందాయి. ఒకదాన్నొకటి కొట్టుకోకుండా మధ్యలో చెక్క అడ్డం పెట్టి, చెరొక అర చేశాను. నాలుగువైపులా బిగించేశాను. చీమ కూడా దూరదు.

మామయ్య

తా.క.: కార్డుకి రెండేసి ఫ్యాన్లేమిటే? మా ఇంట్లో మనిషికి ఒకటి లేదు. ఈ మాట అన్నప్పటి నుంచి అత్తయ్య నాతో మాట్లాడటం లేదు.


మామయ్యకి,

కొంప ముంచావు. కార్డు ఒక్కటే. కవర్లో పట్టక అట్టని రెండు ముక్కలు చేశాను, ఆ సంగతి రాయడం మర్చిపోయాను. పైగా కార్డు పనిచేస్తుంటే ఇస్త్రీపెట్టెలా కాలుతుంది. గాలి ఆడకపోతే మాడి చస్తుంది. పెట్టెకి కన్నాలుండాలి.

ఇంకోమాట. తిట్టనంటే చెబుతాను. కార్డు మారింది. రెండు ఫ్యాన్లది ఏడాది తిరక్కుండా పాతబడిపోతుందట. మూడు ఫ్యాన్లది తీసుకుంటున్నాను. అది ఇంకా పొడుగు, బరువు కూడా.

తప్పు చేసినట్టు తల వంచుకుని,
కోడలు

తా.క.: చెప్పుల జత కొనడానికే మూడు వీధులు తిప్పుతాను కదా, నాకు పెట్టె చేసేవాడికి దండ వెయ్యాలంటోంది అమ్మ.


కోడలు పిల్లకి,

తిట్టను. మొదటి పెట్టె గుమ్మం ముందు పడేస్తే మంగలి వచ్చి చూశాడు. ఒక అరలో కత్తెరలు, ఇంకో అరలో తువ్వాళ్ళు, తనకోసమే చేసినట్టుందని పట్టుకుపోయాడు. పీడా వదిలింది.

రెండో పెట్టె అయిపోయింది. ముందువైపు మూడు గుండ్రటి కన్నాలు పెట్టాను. మూడు ఫ్యాన్లూ చక్కగా తలలు బయటికి పెట్టి గాలి పీల్చుకోవచ్చు. అంచులు గీసుకోకుండా మూడుసార్లు గరుకు కాగితం పట్టాను.

మామయ్య

తా.క.: కుర్చీలాయన మళ్ళీ వచ్చాడు. ఈసారి టేపు ఒక కొస నన్నే పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను, ఏం చేస్తాం.


మామయ్యకి,

ఫ్యాన్లు కార్డుకి అతుక్కునే ఉంటాయి. తల బయట పెట్టవు. చిన్న చిన్న కన్నాలు చాలు.

అయినా వాటితో పనిలేదు, ఎందుకంటే... నువ్వు కూర్చునే చదువుతున్నావు కదా? కార్డు మారింది. ఫ్యాన్ల బదులు నీళ్ళతో చల్లబడేది ఒకటుంది, చప్పుడే రాదట. మూడురోజులుగా దాన్ని గురించే చదువుతున్నాను. కొంటే ఒకే ఒక్కసారి కొంటాను మామయ్యా. తప్పు కొనేస్తానేమోనని భయం. రాత్రి కలలో కూడా కొలతలే.

కోడలు

తా.క.: ఆ టేపు వదిలెయ్. నువ్వు పట్టుకోకు.


కోడలు పిల్లకి,

నీళ్ళంటే చెక్క ఉబ్బిపోతుంది. అందుకని పెట్టె లోపలంతా రేకు పరిచి, సందులన్నీ మూసి, అడుగున కుళాయి పెట్టాను. పైన పోసి కింద పట్టుకో. చుక్క కారితే నన్నడుగు.

కన్నాల పెట్టె పావురాలు పెంచే ఆయన తీసుకెళ్ళాడు. మూడు పావురాలూ తలలు బయటికి పెట్టి చూస్తున్నాయట. ఫ్యాన్లకి తెలియకపోయినా వాటికి తెలిసింది.

మామయ్య

తా.క.: నీళ్ళు రోజూ మార్చాలా, వారానికోసారా?


మామయ్యకి,

నీళ్ళు పొయ్యకు. అవి గొట్టాల్లోనే ఉంటాయి, ఎవరూ పోయరు.

అదలా ఉంచు. కార్డు కొనేశాను. షాపులో మళ్ళీ నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాను. చివరికి, ఏది కొన్నా ఆడుకునేది నేనే కదా అనిపించి మూడు ఫ్యాన్లది పట్టుకొచ్చాను. పెట్టె లేకుండా బల్లమీదే అన్నీ బిగించాను. కళ్ళు మూసుకుని స్విచ్ వేశాను. తెర వెలిగింది. ఆటలో గడ్డి మామయ్యా, పరకపరకా కనపడుతోంది. నేను బిగించిందే పనిచేస్తుంటే ఏడుపొచ్చేసింది.

ఇక మార్చను, నీమీద ఒట్టు. అసలు కొలతలు పంపుతున్నాను. ఈ పెట్టె ఒక్కటి చేసి నీ షెడ్డు మూసుకో.

నీ కోడలు

తా.క.: శత్రువు మొహం మొదటిసారి చూశాను. మీసం ఎంత బాగుందో అని చూస్తూ నిలబడ్డాను, పొడిచేశాడు.


కోడలు పిల్లకి,

నీ ఉత్తరం చదివి నేనూ అత్తయ్యా కళ్ళు తుడుచుకున్నాం. తర్వాత ఆ ఒట్టు దగ్గరికొచ్చేసరికి నా గుండె జారిపోయింది. ఒట్టు పెట్టేముందు నన్నొక మాట అడగొద్దా?

కుళాయి పెట్టె టీకొట్టు ఆవిడ తీసుకెళ్ళింది. అది చూసి ఇంకో ఇద్దరు అడిగారు. మంగలి బావమరిదికి నాలుగు అరల పెట్టె కావాలట. పావురాలాయన తోటివాళ్ళందరినీ వెంటబెట్టుకొచ్చాడు. పొద్దున లేస్తే రంపం పట్టడమే సరిపోతోంది. భుజం నొప్పి కూడా బాగుంది, దాన్ని చూసి ఎన్నాళ్ళయిందో. కుర్చీలాయన అడ్వాన్సు పట్టుకొస్తే షెడ్డు ఇవ్వనని చెప్పేశాను. కాసేపు కోప్పడి, పోతూ పోతూ తన దుకాణానికి చెక్క గల్లాపెట్టె చెయ్యమన్నాడు.

నీ పెట్టె వరుసలో ఉంది. నేనే మోసుకొచ్చి, ఆ కార్డుని నా కళ్ళతో చూసి అక్కడే బిగిస్తాను. కానీ నువ్వు మనసు మార్చుకున్నప్పుడల్లా నాకొక బేరం తగిలింది తల్లీ. ఇలా ఉన్నట్టుండి నిర్ణయాలు తీసుకుంటే నా వ్యాపారం ఏం కావాలి?

షెడ్డు నుంచి, తీరిక లేని
మామయ్య

తా.క.: పని మానుకుని కంప్యూటర్ల షాపుకి వెళ్ళొచ్చాను. నాలుగు ఫ్యాన్లది కూడా ఉందట. నువ్వు చూసుకోలేదేమోనని చెబుతున్నాను, అంతే.