అన్నయ్య చెప్పిన మర్యాద

అన్నయ్యా,

నీ ఉత్తరం అందింది. పరిశోధన పేరుతో ఇంటి పరువు బజారుకీడ్చానన్నావు. ఒంటికాలి మీద లేవకుండా ఇది చివరిదాకా చదువు.

నీ కుట్టుమిషన్ల హాల్లో, ఇస్త్రీ ఆవిరి మధ్య నిలబడి ఆ మాట చెప్పింది నువ్వే. "మా వీధిలో ఒకరి టైలర్ని ఇంకొకరు పనిలో పెట్టుకోరు చెల్లీ, అంత మర్యాదస్తులం" అని మీసం మెలేశావు. పనితనం ఉన్నవాళ్లకి కూడా జీతాలు ఎందుకు పెరగవో తెలియక, ఇన్నేళ్లుగా ఆర్థికశాస్త్రంతో తల బద్దలు కొట్టుకుంటున్న నాకు జవాబు అక్కడే దొరికింది. వెళ్లడానికి ఇంకో చోటు లేని మనిషికి జీతం ఎవరు పెంచుతారు? మిగతా యజమానుల్ని, కుట్టేవాళ్లని కూడా అడిగాను. అందరూ అదే చెప్పారు.

ఇదంతా రాసిన నా పుస్తకంలో నీ పేరు గానీ వీధి పేరు గానీ లేదు. మీ మర్యాద గురించిన అధ్యాయం మాత్రం తీసెయ్యను. వచ్చే వారం పుస్తకం మీద జరిగే సభలో అదే చదువుతున్నాను. నన్ను నిలదీయడానికి పెద్దపెద్ద ప్రొఫెసర్లు వస్తున్నారు, రానీ. నువ్వూ వదినా కూడా రండి, ముందు వరసలో కుర్చీలు ఉంచుతాను. తప్పు అనిపిస్తే లేచి అడుగు, జవాబు చెప్తాను.

వచ్చేలోగా ఒక్క సంగతి ఆలోచించు. మొన్న నా మేనకోడలు, వేరే కంపెనీవాళ్లు పిలుస్తున్నారని చెప్పి తన ఆఫీసులో జీతం పెంచించుకుంది. "నా కూతురు గట్టిది" అని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయావు. నీ దగ్గర కాలర్లు కుట్టే అమ్మాయి కూడా గట్టిదే. వాళ్ల నాన్న అలా మురిసిపోయే రోజు మీ వీధిలో ఎప్పటికైనా వస్తుందా?

నీ చెల్లెలు