గాజులకు చుట్టిన పాఠం

లాడ్ బజార్,
12 మార్చి 1943

సుందరమ్మక్కకు,

మీ పిల్ల పెళ్లికి పంపిన గాజుల మూట విప్పావా? లోపలి కాగితాలు పారేయకు. పొయ్యిలో అసలే పెట్టకు.

నిన్న కాలేజీలో లెక్కలు చెప్పే సారొకరు, మేము గాజులు చుట్టిచ్చిన కాగితం పట్టుకొని మళ్లీ దుకాణానికొచ్చారు. అది ఉర్దూ లెక్కల పుస్తకంలో పేజీ. అచ్చయిన లెక్క కొట్టేసి, పక్కన పెన్సిల్‌తో వేరేగా చేసి ఉంది.

"పుస్తకమే తప్పు, పెన్సిలే సరి. బీఏ పిలగాండ్లకే రాదు ఇది. ఎవరు చేసిన్రు?" అన్నారు.

తూకానికి కొన్న చిత్తు కాగితం, నాకేం తెలుసన్నాను.

ఇంట్లో చెబితే, గాజులు చేస్తున్న మన లీల చేతిలోంచి లక్క జారిపోయింది. "నేనే బాపు. పక్కింటి కుబ్రా ఉర్దూ చదివి చెప్తది, నేను చేస్త."

పద్నాలుగేళ్ల పిల్ల అక్కా. ఇవాళ దుకాణం తీయబుద్ధి కాలేదు.

"నేను చింపుతుంటే ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

"నువ్వు చింపేలోపల చదువుదామనుకున్నం. ఆఖరి పాఠమే అందలే."

ఆ పాఠం నీ గాజులకు చుట్టాను. గాజులు పగిలినా సరే, కాగితాలు నలగకుండా పంపు.

నీ తమ్ముడు