పన్నెండో పేరు

గద్వాల,
12 ఆగస్టు, మంగళవారం.

చిరంజీవి రోజాకు నాయనమ్మ దీవించి రాయునది. దేవుని దయవల్ల ఇక్కడ నేనూ, మీ అమ్మా, మీ నాన్నా క్షేమంగా ఉన్నాం. పుణెలో నువ్వూ ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తాను. క్షేమం సంగతి అయిపోయింది. ఇక నా కోపం సంగతి.

మూడో తేదీన నువ్వు రాసిన ఉత్తరం ఎనిమిదిన అందింది. హాస్టల్లో చేరిన నాటి నుంచి నెలకొక ఉత్తరం తెలుగులో రాయాలన్న నియమాన్ని తొమ్మిదేళ్లుగా తప్పకుండా పాటిస్తున్నావు, సంతోషం. ఈసారి ఏడు తప్పులున్నాయి. ఎర్ర సిరాతో దిద్ది ఇందులోనే పెట్టాను. 'సిద్ధం' అన్న మాటలో ద కింద ధ వత్తు రావాలని నీకు నాలుగో తరగతిలోనే చెప్పాను. చివరి పేజీలో 'పేరుదేముంది నాయనమ్మా' అని ఒక వాక్యం రాశావు. అందులో అక్షరదోషం ఏమీ లేదు. అయినా దాన్ని ఎనిమిదో తప్పుగా లెక్కవేశాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. నా మోకాలి నొప్పి తగ్గలేదు, పెరగనూ లేదు. కరెంటాఫీసులో మీ నాన్న బదిలీ సంగతి ఇంకా తేలలేదు. రోజూ అలంపూర్ పోయి వస్తున్నాడు. మీ అమ్మ పది రోజులుగా సరిగా తినడం లేదు, కారణం నీకు తెలుసు. ఇక నీ మూడో ప్రశ్న: మీరు పనిచేసిన వీడియో ఆట చివర తెర మీద వచ్చే పేర్లలో నీ పేరు తీసేయించాలా, లేక 'ఎం. ఆర్.' అని పొడి అక్షరాలు వేయించాలా, ఏది మేలు అని. ఇరవయ్యో తేదీలోగా కంపెనీకి చెప్పాలన్నావు. ఫోన్లో జవాబు చెబితే 'సరే నాయనమ్మా' అని పెట్టేస్తావు. అందుకే స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

ముందుగా, జరిగింది నాకు అర్థమైనంతవరకు రాస్తాను, తప్పుంటే దిద్దు. ఆ ఆట పదేళ్ల కిందట వచ్చింది. వచ్చిన నాటి నుంచి టీవీకి తగిలించే ఒక కంపెనీ డబ్బాలోనే ఆడాలి; ఇంకో కంపెనీ డబ్బా కొన్నవాళ్లకు అది దొరకదు. అలా అని ఆట తయారుచేసినవాళ్లూ మొదటి డబ్బా కంపెనీవాళ్లూ రాసుకున్న ఒప్పందం. ఇప్పుడు ఆట తయారుచేసినవాళ్లే దాన్ని రెండో డబ్బాకు తీసుకుపొమ్మని మీ ఆఫీసుకు పని ఇచ్చారు. మీరు ఇరవై ముగ్గురు, పంతొమ్మిది నెలలు. నువ్వు ఆ ఇరవై ముగ్గురికి పెద్దవు. డబ్బా లోపలి యంత్రం వేరు కాబట్టి ఆట మొత్తాన్ని విప్పి మళ్లీ కూర్చవలసి వచ్చింది. అది పూర్తయ్యాక కంపెనీవాళ్లు నిన్ను నిలబెట్టి వీడియో తీశారు. ఒక నిమిషం నలభై సెకన్లు మాట్లాడావు. ఆట ఇంకా బజారుకు రానేలేదు, ఆ వీడియో కింద పాత డబ్బావాళ్ల తిట్లు మాత్రం వచ్చేశాయి.

మీ అమ్మ ఫోన్ దాచిపెడితే నేనే అడిగి తీసుకున్నాను.

"అత్తమ్మా, అవి సదవకుండ్రి. నాకే సదవబుద్ది అయితలేదు," అంది మీ అమ్మ.

"నేను ముప్పై నాలుగేండ్లు పిల్లల పేపర్లు దిద్దిన. గింతకన్న చెడ్డ రాతలు జూసిన. ఇటియ్యి," అన్నాను.

ఒక నోటుపుస్తకంలో గీతలు గీసి, ఒక్కొక్కటీ చదివి, ఏ గడిలో పడాల్సింది ఆ గడిలో వేశాను. నిన్నటికి రెండు వందల పద్నాలుగు. తొంభై ఏడు నోటితో చదవదగ్గవి కావు. నలభై ఒకటి నిన్ను ఇంటికి పొమ్మన్నవి. నిన్ను మెచ్చుకున్నవి తొమ్మిదే. పాత డబ్బా బొత్తం బొమ్మ ఒకటి వీడియోలో చూపిన కొత్త డబ్బా ఆటలో మిగిలిపోయిందని వెక్కిరించినవాళ్లు ముప్పై ఎనిమిది మంది. వాళ్లు చెప్పింది నిజం. ఇరవై ముగ్గురు చూసి కూడా ఒక బొత్తం వదిలేయడం ఏమిటి? అక్కడ నీ మీద నాకు జాలి లేదు. దిద్దావా లేదా రాయి.

ఒకతని మాట మాత్రం వేరే గడిలో వేశాను. ఆ ఒక్క ఆట కోసం రెండేళ్లు కూడబెట్టి ఆ డబ్బా కొన్నాడట; ఇంకెక్కడా దొరకదని చెప్పి నాకు అమ్మారు, ఇప్పుడేమంటారు అని అడిగాడు. అతని బాధ న్యాయమైనదే. కానీ మాట ఇచ్చిందీ తప్పిందీ అమ్మినవాళ్లు. మూట మోసినదాన్ని తిట్టడం ఏం న్యాయం?

మిగిలినవి ఇరవై ఎనిమిది. నాకు ఎక్కువ కోపం తెప్పించినవి ఇవే. వీడియోలో నువ్వు నవ్వుతూ చెప్పావు: ఇంటర్ చదివేటప్పుడు నీ క్లాసు పిల్ల శిల్ప వాళ్లింట్లో వాళ్లన్న ఈ ఆట ఆడుతుంటే రెండు నెలలు గడప దగ్గర నిలబడి చూశానని, శిల్ప వాళ్లమ్మ "ఆడనే నిలవడి సూడు బిడ్డా, లోపలికి రాకు, ఇప్పుడే తుడిచిన" అనేదని. ఆ ఇరవై ఎనిమిది మందీ ఆ మాట పట్టుకున్నారు. 'గడప దగ్గరే ఉండాల్సింది', 'గడప దాటితే ఇట్లే ఉంటది' అని. తెలుగులోనే రాశారు, తప్పులతో.

ఈ గడప సంగతి నాకు లోకంతోపాటు ఆ వీడియోలోనే తెలిసింది. ఆ రెండు నెలలూ లెక్కల ట్యూషన్‌కు పోతున్నానని నాతో చెప్పావు. అబద్ధమాడినందుకు ఒక కోపం. రోజూ సాయంత్రం ఐదున్నరకు సరిగ్గా 'ఇప్పుడే తుడిచే' ఇల్లు గద్వాల మొత్తంలో ఎక్కడుందని ఆ రోజున నువ్వు ఆలోచించనందుకు ఇంకో కోపం. లేదా ఆలోచించే ఉంటావు. ఆలోచించి నాకు చెప్పలేదు. అదే నాకు మరీ కష్టంగా ఉంది.

ఆదివారం చర్చి నుంచి వస్తుంటే మన ఎదురింటి కాంతమ్మ పట్టుకుంది.

"ఏం టీచరమ్మా, మీ పిల్ల ఎవల్దో ఆట దొంగిలిచ్చి ఇంకొకలకు ఇచ్చిందంట గద? మావోడు ఫోన్ల సూపిచ్చె."

"దొంగతనం గాదు. ఆట జేసినోళ్లే తీసుకపొమ్మన్నరు, మా పిల్ల తీసుకపోయింది."

"మరి గంతగనం తిట్టుడెందుకు?"

"మీ ఇంటి ముందటి నల్లా మా ఇంటి ముందటికి గూడ వచ్చిననాడు నువ్వు నన్ను ఎన్ని తిట్టినవో జర యాదికి తెచ్చుకో."

"అయ్యో, గది వేరె!"

"గదీ గదే. నీ బిందె నిండుడు ఆగలే. మా బిందె నిండుతుంటె నీకు కండ్లు మండె."

కాంతమ్మ నవ్వింది. నల్లా దగ్గర కలబడ్డ మనుషులం ఇప్పుడు ఒకరింటి కూర ఒకరం తింటున్నాం. మనుషుల కోపం ఎంతకాలముంటుందో నాకు తెలుసు. నీకు తెలియదు, అందుకే పేరు తీసేస్తే గొడవ ఆగిపోతుందనుకుంటున్నావు. ఆగదు రోజా. ఈ మాట పంతులమ్మగా చెప్పడం లేదు. ఇరవై ఎనిమిదేళ్లుగా నేను ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. అది చెప్పకుండా ఈ ఉత్తరం పూర్తిచేయడం న్యాయం కాదని మూడు రోజులు ఆలోచించి నిర్ణయించుకున్నాను.

గోపాల్‌పేట అవతల నేను ప్రధానోపాధ్యాయురాలిగా చేసిన బడి నీకు తెలుసు. ఆఫీసు గదిలో గోడ మీద ప్రధానోపాధ్యాయుల పేర్ల పట్టిక ఉంటుంది. అందులో పదకొండు పేర్ల తర్వాత పన్నెండో పేరు ఉండాల్సిన చోట 'ఇన్‌ఛార్జి' అని ఉంది. పెయింటర్ వెంకటన్న మర్చిపోయి అలా రాశాడని మన ఇంట్లో అందరూ చెప్పుకుంటారు. నీకూ అదే చెప్పాను. అది అబద్ధం.

1997లో బడికి యాభై ఏళ్లు నిండాయని ఆ పట్టిక రాయించారు. రాసే రోజు పొద్దున నేను గదిలో ఉన్నానని తెలియక వరండాలో ఊరి పెద్దమనుషులు ఇద్దరు మాట్లాడుకున్నారు.

"ఆమె పేరు గూడ గోడకెక్కిస్తరా ఏంది?"

"ఎక్కియ్యక ఏం జేస్తవు, సర్కారే కుర్చీ ఎక్కిచ్చినంక."

నవ్వుకున్నారు. అంతే. ఎవరూ నా ముందుకు వచ్చి వద్దనలేదు. ఎవరూ బెదిరించలేదు. మన వాడ నుంచి చదువుకుని ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మనిషిని నేను. మూడేళ్లుగా అదే ఊళ్లో తలెత్తుకుని పనిచేస్తున్నాను. అయినా ఆ నవ్వు విన్నాక, ఆ పేరు కింద కూర్చుని రోజూ ఆ నవ్వు వినాల్సి వస్తుందనిపించింది. గంట తర్వాత వెంకటన్న పదకొండు పేర్లూ రాసి, కుంచె పట్టుకుని నా వైపు తిరిగాడు.

"పన్నెండో పేరు ఏం రాయాలె అమ్మా?"

"ఇన్‌ఛార్జి అని రాయి."

"ఇన్‌ఛార్జి అంటె ఎవలు? మూడేండ్ల సంది కుర్చీల కూసున్నది మీరే గద."

"చెప్పింది రాయి వెంకటన్నా."

అతను కుంచె పక్కన పెట్టి చాయ్ తాగి వచ్చాడు. నేను మనసు మార్చుకుంటానని చూశాడనుకుంటా. తర్వాత రాశాడు. 'ఇంచార్జి' అని రాశాడు. నేను లేచి వెళ్లి, చకు వత్తు ఉండాలి, మధ్యలో న్ రావాలి అని చెప్పి తుడిపించి మళ్లీ రాయించాను. నా పేరు నేనే లేకుండా చేసుకుని, అక్షరదోషం మాత్రం సరిదిద్దాను. అలాంటి మనిషిని నేను.

వార్షికోత్సవానికి వచ్చిన మీ తాత ఆ పట్టిక చూసి కోపంతో నన్ను పక్కకు పిలిచాడు. ఎవరు చేశారని అడిగితే, వెంకటన్న మర్చిపోయాడని నా నోట వచ్చింది. మీ తాత గోపాల్‌పేట బజారులో వెంకటన్నను నిలబెట్టి పదిమందిలో తిట్టాడు. అతను తల వంచుకుని విన్నాడట. ఆ తర్వాత పదహారేళ్లు, చనిపోయేదాకా, మీ తాత అతనితో మాట్లాడలేదు. ఒక్కసారి నోరు విప్పి ఉంటే ముగిసిపోయేది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఆయనను సాగనంపాను.

నీ ఉత్తరం చదివిన నాటి నుంచి నాకు మనసు నిలవలేదు. నిన్న సోమవారం వనపర్తి బస్సెక్కి, అక్కడి నుంచి గోపాల్‌పేట వెళ్లాను. వెంకటన్న తన కూతురి ఫ్లెక్సీల దుకాణంలో కుర్చీ వేసుకుని ఉన్నాడు.

"సారు పోయిండని తెలిసె గని రాలే టీచరమ్మా," అన్నాడు. "నన్ను జూసి లేచి కూసొని తిడ్తడేమో అనుకున్న."

నేను నవ్వలేకపోయాను. నిలబడే అంతా చెప్పాను.

"నాకు తెల్వదా? సారు తిట్టిననాడే తెలిసె, మీరు ఇంట్ల చెప్పలేదని."

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"మీ పేరు మీరే వద్దన్నరని బజార్ల నేనెట్ల చెప్దు అమ్మా? మీ ఇజ్జత్ పోదా?"

రోజా, నేను పోగొట్టుకున్నదాన్ని ఆయన ఇన్నేళ్లు తిట్లు తిని కాపాడాడు. ఆయన ముందు నేను చేతులు జోడించాను. ఆయనేమో కూతుర్ని కేకేసి చాయ్ తెప్పించాడు.

ఇద్దరం ఆటోలో బడికి వెళ్లాం. ఇప్పుడు అక్కడ జయశ్రీ అనే ఆమె ప్రధానోపాధ్యాయురాలు, మీ అమ్మ వయసు ఉంటుంది. మర్యాదస్తురాలు. పట్టిక చూపించి సంగతి చెబితే ఆశ్చర్యపోయింది.

"ఈ ఇన్‌ఛార్జి మీరా మేడం? ఆ నాలుగేండ్లు పోస్టు ఖాళీగ ఉండెనేమో అనుకున్న నేను."

ఆ మాట నాకు తగలాల్సిన చోట తగిలింది. నేను ఆ బడికి రెండు గదులు కట్టించాను. పొలం పనులకు పోయే పిల్లలను ఇల్లిల్లూ తిరిగి అరవై ముగ్గురిని తెచ్చి చేర్పించాను. నా తర్వాత వచ్చిన మన వాడ పిల్లలు ఆ గదిలోకి వచ్చి తలెత్తి చూస్తే, అక్కడ తమ మనిషి ఒకరు కూర్చున్నారని తెలిసే వీలు లేదు. ఖాళీ అనుకుంటారు. నవ్విన ఆ ఇద్దరూ కోరుకున్నది అదే. వాళ్లు కష్టపడకుండానే నేను చేసిపెట్టాను.

నీ పంతొమ్మిది నెలలు కూడా అట్లే ఖాళీ అవుతాయి. ఆ తొంభై ఏడు మంది రేపు ఇంకో ఆట మీద పడి నిన్ను మర్చిపోతారు. మర్చిపోని మనిషివి నువ్వు ఒక్కదానివే. అప్పుడు ఎవరిని తిడతావు? నన్ను చూడు, ఇరవై ఎనిమిదేళ్ల కోపం, తిట్టడానికి నేను తప్ప ఇంకెవరూ లేరు.

ఇదంతా విన్నాక నీకు ఆజ్ఞాపించే అర్హత నాకు ఉందో లేదో నాకే తెలియడం లేదు. లేకపోయినా ఆజ్ఞాపిస్తున్నాను. పొడి అక్షరాలు వద్దు. ఇంటిపేరుతో సహా 'మద్దెల రోజా' అని పూర్తిగా వేయమని రాయి. అది వెలువడే ముందు నువ్వే స్వయంగా చూసుకో. నీ కింది ఇరవై ఇద్దరి పేర్లు కూడా ఉన్నాయో లేదో చూడు, లేకుంటే పోట్లాడు. ఆ ఆట తెరిచి పేర్లు వచ్చేదాకా చూపించు, ఎంతసేపైనా కూర్చుంటాను. మీ అమ్మకు ఫోన్ చేసి అన్నం తినమను.

పట్టికలో నా పేరు రాయించడానికి జయశ్రీ నన్ను దరఖాస్తు రాసిమ్మంది. అక్కడే కూర్చుని రాసిచ్చాను. రాయవలసింది వెంకటన్నే అని కూడా అందులో రాశాను. "చెయ్యి వణుకుతది అమ్మా, అచ్చరాలు వంకర వస్తయి, మల్ల మీరు దిద్దుతరు," అన్నాడు.

దిద్దనని మాట ఇచ్చాను.

ఇట్లు,
నీ నాయనమ్మ,
మద్దెల పుష్పమ్మ,
ప్రధానోపాధ్యాయురాలు
(11 జులై 1994 – 10 జూన్ 1998)