ట్రక్కులోని కెమెరా

పిస్కాటవే,
అక్టోబరు 21.

ప్రియమైన చెల్లి క్రిస్టినాకు,

ఫోన్‌లో చెప్పడానికి భయమేసి ఉత్తరం రాస్తున్నాను. మా చర్చి పెద్ద దైవాశీర్వాదం గారు తుంటి విరిగి మంచంలో ఉన్నారు. పోస్టులో వచ్చిన బ్యాలెట్ మీద ఇంట్లోనే తన ఓటు వేసి, కవరు అంటించి నాకిచ్చారు. మా దంపతులిద్దరి కవర్లతోపాటు దాన్నీ రోడ్డు పక్కనున్న బ్యాలెట్ పెట్టెలో వేశాను. వేసే ముందు వాటి మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశాను. రోడ్డవతల ట్రక్కులో ఒకడు వీడియో తీశాడు. ఇప్పుడది ఊరి ఫేస్‌బుక్ గ్రూప్‌లో ఉంది. దొంగ ఓట్లు మోస్తున్న ఈవిడ ఎవరని అడుగుతున్నారు. మా కారు నంబరు కనిపిస్తోంది.

ఇంకొకరి కవరు తెచ్చేవాళ్లు దాని మీద తమ పేరు రాసి సంతకం పెట్టాలి. మా ఆయన రాజు కవరు మీద పెట్టాను. పెద్దాయన కవరు మీద నా పేరు రాయడం మర్యాద కాదనిపించి వదిలేశాను. జైల్లో పెడతారేమో.

నీ అక్క,
కరుణమ్మ

కమ్మింగ్,
అక్టోబరు 25.

ప్రియమైన అక్కా,

ప్రార్థన కారులో చేసుకుంటే దేవుడికి వినపడదా? ఎవరైనా వస్తే మూడూ మా ఇంటివే అని చెప్పు. పెద్దాయన పేరు ఎత్తకు. చర్చికి కొన్నాళ్లు వెళ్లకు.

భయపడుతూ,
నీ క్రిస్టినా

పిస్కాటవే,
నవంబరు 2.

ప్రియమైన క్రిస్టినా,

నిన్న ఎన్నికల ఆఫీస్ నుంచి ఒకామె వచ్చింది. రాజు కిటికీలోంచి చూసి, "ఇమిగ్రేషన్ వాళ్లేమోనే" అన్నాడు. మేము అమెరికా సిటిజన్లమై ఆరేళ్లయింది.

నువ్వు చెప్పిన మాట నోటిదాకా వచ్చింది. ఉన్నదే చెప్పాను. ఆమె అప్పటికే పెద్దాయనను కలిసి వచ్చిందట. అబద్ధమాడి ఉంటే కేసు అయ్యేది. ఆయన ఇంకో కాగితం మీద సంతకం పెడితే ఓటు లెక్కలోకి వస్తుందట. నన్ను హెచ్చరించి వదిలేసింది.

పెట్టె మీద ప్రభుత్వ కెమెరా కూడా ఉంది. ఆ వీడియో బయట పెట్టడానికి వీల్లేదట. ట్రక్కువాడిలా ఓటర్లను భయపెట్టేలా తీయడం నేరమట. ఫిర్యాదు ఇస్తే కోర్టులో నా పేరు బయటికొస్తుంది.

"వాడికి మన కారు తెలుసు, రేపు ఇల్లు తెలుస్తుంది. మనకెందుకే?" అన్నాడు రాజు. అయినా ఫిర్యాదు మీద సంతకం పెట్టాను.

అంతకుముందు, అందులో ఉన్నది నేనేనా అని చూసుకోమని ఆమె నాకు ప్రభుత్వ వీడియో చూపించింది. అందులో నా తర్వాత ఒక ముసలామె కవరు పట్టుకుని కారు దిగింది. ట్రక్కును చూసి ఆగింది. కవరు కోటు లోపల దాచుకుని, మళ్లీ కారెక్కి వెళ్లిపోయింది.

నీ అక్క,
కరుణమ్మ