అస్తరులో దాచిన దీవి

జనవరి 12, ఆదివారం. ఉదయం 7:10

ఈరోజు నుంచి నేను ప్లాను వేయను. రాసి పెట్టుకున్నాను కాబట్టి ఇక తిరుగులేదు.

సంగతేమిటంటే, ఫిబ్రవరి తొమ్మిదిన మా ఆవిడా నేనూ దీవికి వెళ్తున్నాం. ఐదు రోజులు. ఇక్కడ చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే అక్కడ జనం పల్చటి చొక్కాలు వేసుకుని తిరుగుతున్నారట. పెళ్లయిన ఇరవై ఆరేళ్లకు తను నోరు తెరిచి అడిగిన మొదటి ప్రయాణం ఇది. ఓడ టికెట్లు, గది అన్నీ తనే చూసుకుంది. చూసుకుని ఒక షరతు పెట్టింది.

"టైములు రాసిన కాగితం ఒక్కటి నా కంటబడిందా, మీరు ఇంట్లోనే ఉంటారు. నేను అక్కను తీసుకుని వెళ్తాను."

ఉత్త బెదిరింపు కాదు. టికెట్టు మీద పేరు మార్చుకోవచ్చని ముందే కనుక్కుంది. ఇక వదిన సంగతి చెప్పనక్కర్లేదు. పిలుపు రాకముందే పెట్టె సర్దుకునే మనిషి.

తన షరతులో న్యాయముంది. నేను బస్సు డిపోలో టైంటేబుళ్లు వేసే గుమాస్తాను. ఏ బస్సు ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలో ఇరవై ఎనిమిదేళ్లుగా నేనే రాస్తున్నాను. ఆ జబ్బు ఇంటికీ అంటుకుంది. పోయినసారి జలపాతానికి పన్నెండు నిమిషాలు కేటాయించాను. తను చెప్పులు విప్పి, చీర అంచులు పైకి మడుచుకునేసరికే తొమ్మిది అయిపోయాయి.

తీర్మానం: లేచినప్పుడు లేస్తాం. కాళ్లు ఎటు లాగితే అటు పోతాం. తలుచుకుంటేనే ఒళ్లు తేలికగా ఉంది!

జనవరి 13, సోమవారం. మధ్యాహ్నం 1:05

డిపోలో అందరికీ చెప్పేశాను. నలుగురికి చెబితే సిగ్గుకైనా నిలబడతామంటారు. లావు డ్రైవరు నవ్వి నవ్వి చొక్కా మీద టీ ఒలకబోసుకున్నాడు. నాకు వారం రోజులు గడువిచ్చాడు. ఇతరుల సంకల్పబలం మీద కొందరికి ఎంత చులకనో!

సాయంత్రం 6:40

మా ఆవిడది టైలరింగు. ముందు గదే దుకాణం. మిషను తొక్కుతూనే, ఈరోజు దీవి గురించి ఏం ఆలోచించారని అడిగింది. ఏమీ ఆలోచించలేదన్నాను. తన మొహం ఎంత వెలిగిందంటే, ఇన్నేళ్లలో నేను ఆలోచించిన ఏ విషయానికీ అంత వెలగలేదు.

జనవరి 19, ఆదివారం. ఉదయం 11:20

వారం పూర్తయింది. లావు డ్రైవరు ఓడాడు.

టికెట్లతో పాటు ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. దీవిలో చూడదగ్గవన్నీ బొమ్మలతో సహా ఉన్నాయి. చదివాను. చదవడం ప్లాను కాదు. సమాచారం వేరు, ప్లాను వేరు. లైట్‌హౌస్, లవంగాల తోట, వేడినీటి ఊట, గాజు అడుగున్న పడవ, తాబేళ్లు గుడ్లు పెట్టే ఒడ్డు.

టైములున్న చోట కళ్లు మూసుకున్నాను. ఒక కన్ను.

జనవరి 24, శుక్రవారం. మధ్యాహ్నం 1:15

లైట్‌హౌస్ పన్నెండు నుంచి రెండు దాకా మూసేస్తారు. కాళ్లు ఎటు లాగితే అటు పోయి, సరిగ్గా పన్నెండూ ఐదుకు తలుపు ముందు నిలబడితే ఎవరిది తప్పు? గాజు పడవకు రోజుకు నాలుగే ట్రిప్పులు. తాబేళ్లయితే తెల్లవారుజామునే వచ్చి, ఎండెక్కకముందే వెళ్లిపోతాయట. తాబేలుకే టైంటేబుల్ ఉన్నప్పుడు మనిషికి ఉండకూడదా?

ఏమీ రాయలేదు. మనసులో ఉంచుకున్నానంతే. మనసు కాగితం కాదు కదా.

జనవరి 28, మంగళవారం. సాయంత్రం 7:00

లైట్‌హౌస్‌కి నూట అరవై నాలుగు మెట్లు. నాకు ఎనిమిది నిమిషాలు. తనకెంతో తెలియదు. కేవలం కుతూహలం కొద్దీ, తనను మేడ మీదకు పంపాను.

ఒకసారి ఆరేసిన బట్టలకు. ఒకసారి నీళ్ల ట్యాంకు మూత వేశామో లేదో చూడటానికి. మూడోసారికి కారణం దొరక్క, ఆకాశం బాగుంది చూసి రమ్మన్నాను. నిమిషానికి ఇరవై రెండు మెట్లు. అంటే ఏడున్నర నిమిషాలు. నాకన్నా చురుకే!

దిగి వచ్చి నా మొహంలోకి చూసింది. ఆకాశం మబ్బు పట్టి ఉందంది. వాచీ ఉన్న చేతిని జేబులో పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 2, ఆదివారం. ఉదయం 10:30

అయిపోయింది. తను బట్టలివ్వడానికి బయటికి వెళ్లిన నలభై నిమిషాల్లో కూర్చుని మొత్తం వేసేశాను. డిపో నుంచి తెచ్చిన చార్టు కాగితం మీదే. ఎర్ర గీతలు, నీలం అంకెలు. బయలుదేరు, చేరు, తిరుగు, అన్ని గడులూ ఉన్నాయి. వాన వస్తే మ్యూజియం, మా డిపోలో స్పేర్ బస్సు ఉంచినట్టు. తన మెట్ల వేగం కూడా వేశాను.

ఇరవై రోజులు బిగబట్టిన ఊపిరి వదిలినట్టుంది. ఎంత అందంగా వచ్చిందో! ఎవరికీ చూపించలేను, అదే బాధ. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని ఊరికే అన్నారా?

ఇది వాడటానికి కాదు. వెంట ఉంటుందంతే, ధైర్యానికి.

ఫిబ్రవరి 7, శుక్రవారం. సాయంత్రం 5:50

ఎక్కడ దాచాలి?

చెప్పుల సంచిలో: తడుస్తుంది.
జేబులో: తను తడుముతుంది.
ఈ డైరీలో: ఇది తను చదవదు. చదవదనే నమ్మకం. కానీ చార్టు పెద్దది, పట్టదు.

చివరికి పెట్టె లోపలి అస్తరు అంచున కుట్లు విప్పి, లోపలికి తోసి, మళ్లీ కుట్టేశాను. తన డబ్బాలోంచే సూదీ దారమూ తీశాను. అస్తరు గోధుమరంగు, చేతికి దొరికింది నల్లదారం. పెట్టె లోపలి కుట్టు ఎవరు చూస్తారు? వేలికి రెండుసార్లు గుచ్చుకుంది. మొత్తానికి నా తెలివికి నాకే ముచ్చటేసింది.

ఫిబ్రవరి 8, శనివారం. మధ్యాహ్నం 12:25

ఎవరు చూస్తారని రాశాను. ముప్పై ఏళ్లుగా కుట్టుపని చేస్తున్న మనిషి చూస్తుంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమంటే ఇదే.

పొద్దున పెట్టె సర్దుతూ అస్తరు మీద చెయ్యి ఆపింది. వేలితో అంచు వెంబడి తడిమింది. చిన్న కత్తెర తెచ్చి నా కుట్లు ఒక్కొక్కటే తెంపింది. కాగితం బయటికి లాగి, కళ్లద్దాలు పెట్టుకుని, బట్టలు కత్తిరించే బల్ల మీద పరిచి మొదటి గడి నుంచి చదవడం మొదలుపెట్టింది. నేను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. మెట్ల వేగం దగ్గర కాసేపు ఆగి, నన్నొకసారి చూసి, మళ్లీ చదివింది.

తర్వాత ఫోను తీసింది. "అక్కా, ఐదు రోజులు ఖాళీయేనా?"

నా భయం దీవి పోతుందని కాదు. నేను లేకపోతే తను అక్కడ హాయిగా ఉంటుందేమోనని. ఉంటుంది కూడా. ఆ మాట ఇన్నాళ్లూ ఈ డైరీలో కూడా రాయలేకపోయాను.

అవతల వదిన ఏదో గబగబా అంటోంది. తను వినడం లేదు. చార్టులో ఒకచోట వేలు పెట్టింది.

"సముద్రం ఒడ్డు, బయలుదేరు సాయంత్రం ఐదు. తిరుగు దగ్గర ఏమీ వేయలేదేం? ఐదు రోజులకీ వేయలేదు. మర్చిపోయారా?"

"మర్చిపోలేదు," అన్నాను. "నువ్వు ఎప్పుడు లేస్తే అప్పుడు."

ఆ గడుల గురించి ఇక్కడ కూడా రాయలేదు, సిగ్గేసి. మొదట ఐదున్నర వేద్దామనుకున్నాను. తర్వాత ఆరు. ఏ అంకె రాయబోయినా, జలపాతం దగ్గర చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తుకొస్తున్న మనిషే కళ్లముందు నిలిచింది. ఇరవై ఎనిమిదేళ్లలో తిరుగు టైము లేకుండా నేను రాసిన ట్రిప్పులు ఆ ఐదే. డిపోలో అయితే మెమో ఇస్తారు.

తను ఫోనులో, "ఏం లేదక్కా, ఊరికే చేశాను," అని పెట్టేసింది. పెద్ద కత్తెర తీసి, చార్టులోంచి సముద్రం వరసలు ఐదూ సూటిగా కత్తిరించి నా చేతిలో పెట్టింది. ఇవి తెచ్చుకోవచ్చంది. మిగతా దీవి చెత్తబుట్టలోకి పోయింది.

ఆ తర్వాత గోధుమరంగు దారం ఎక్కించుకుని, అస్తరు మళ్లీ కుట్టింది. అలా ఊడి వేలాడుతుంటే ఓడలో ఎవరైనా చూసి అది తన కుట్టే అనుకుంటారట.

ఫిబ్రవరి 9, ఆదివారం. సాయంత్రం 7:12. దీవి

తీర్మానం, మళ్లీ మొదటి రోజు. ప్లాను లేదు. ఈసారి ఖాయం.

మధ్యాహ్నం ఓడ దిగాం. వెచ్చగా ఉంది. లైట్‌హౌస్ దూరం నుంచి కనిపించింది. తెరిచి ఉంటుందో మూసి ఉంటుందో అని తను అంది. నాకు తెలుసు. చెప్పలేదు. నాలుక కొరుక్కున్నాను, నిజంగానే నొప్పి పుట్టింది.

ఐదింటి నుంచి ఒడ్డున కూర్చున్నాం. తను మోకాళ్ల దాకా నీళ్లలోకి వెళ్లి వచ్చింది, రెండుసార్లు. మళ్లీ వెళ్లింది. ఇప్పుడు నా పక్కనే కూర్చుని, ఏమీ చేయడం లేదు. తను ఏమీ చేయకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. చాలా బాగుంది.

బసలో రాత్రి భోజనం ఏడున్నరకు ఆపేస్తారని బోర్డు ఉంది. వచ్చేటప్పుడు ఇద్దరం చదివాం. ఇక్కడి నుంచి నడక పదకొండు నిమిషాలు. ఇప్పుడు ఏడూ పదిహేడు. లేస్తే అందుకోవచ్చు.

ఏడూ పందొమ్మిది. ఇప్పుడు లేచినా పరుగెత్తాలి.

ఏడూ ఇరవై మూడు. తను నా వైపు చూసింది. చూసి, కాళ్లు ఇంకాస్త చాపుకుంది.

ఆకలి దంచేస్తోంది. నేనూ చాపుకున్నాను.