నిలబడ్డ మెషిన్ మీద మీటరు

నవంబర్ 11, మంగళవారం

మెటియాబ్రుజ్ దర్జీల బస్తీలో రుఖ్సానా దీదీ ఎంబ్రాయిడరీ మెషిన్ చూశాను. ఐదో పువ్వుకి వచ్చేసరికి డిజైన్ ఎడమకి జరిగిపోతోంది. ఫ్రేమ్‌ని జరిపే స్టెప్పర్ మోటారు అడుగులు తప్పుతోందన్నమాట. స్విచ్ ఆపి మోటారు తీగలు విప్పాను. మళ్ళీ ఆన్ చేసి, దాన్ని నడిపే డ్రైవర్ బోర్డు దగ్గర మీటరు పెట్టాను. ముప్పై ఆరు వోల్టులు. ఉండాల్సినవీ అన్నే. వోల్టేజి బాగుంది కాబట్టి మోటారే పోయిందని ఐదు నిమిషాల్లో తేల్చేశాను.

ఆడపిల్ల మాట దీదీ నమ్మినట్టు కనబడలేదు. ఇంతకుముందు వచ్చిన మెకానిక్కులందరూ మీసాలవాళ్ళే. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ ఎదుటే మోటారు స్క్రూలు విప్పి, లోపలి రోటరు బయటికి లాగి, దాని మీద నల్లటి మరక చూపించి, ఇదిగో అన్నాను. అప్పుడు నమ్మింది. సెక్టర్ ఫైవ్ ఆఫీసు ఉద్యోగంలో మూడేళ్ళున్నాను, ఒక్కరోజూ ఇంత హాయి లేదు.

ఆదివారం హాట్‌కి, అంటే సంతకి, నలభై కుర్తాలు ఇవ్వాలట. బావగారి కార్ఖానా నుంచి వేరుపడ్డాక దీదీకి సొంత పేరు మీద వచ్చిన మొదటి ఆర్డరు. ఇది తప్పితే మళ్ళీ వెళ్ళి ఆయన కింద కూర్చోవడమే అంది. గురువారానికి నడిపిస్తానని మాటిచ్చాను.

నవంబర్ 12, బుధవారం

చాందనీ చౌక్, ఇక్కడి ఎలక్ట్రికల్ సామాన్ల బజారు. పాతదానికంటే పొడుగ్గా, బలంగా ఉన్న మోటారు తీసుకున్నాను. మారుస్తున్నప్పుడు పెద్దదే పెడితే పోలా? పాతదాని ప్లేటు మీద ఎన్ని ఆంపియర్లని ఉందో చూశావా అని షాపు దాదా అడిగాడు. నాకు తెలుసులే దాదా అన్నాను. చూడలేదు.

నవంబర్ 13, గురువారం, మధ్యాహ్నం మూడు

కొత్త మోటారుతో మూడో పువ్వుకే జరిగింది.

అదే రోజు, సాయంత్రం

లిలువాలో ఇంటికి చేరేసరికి నాన్న టీ పెట్టి ఉంచారు. రైల్వే వర్క్‌షాపులో ముప్పై రెండేళ్ళు ఎలక్ట్రికల్ ఫిట్టరుగా చేసిన మనిషి. చెప్పకూడదనుకున్నాను, నా మొహం చూసి ఆయనే లాగారు. అంతా విని, మెషిన్ తిరుగుతుంటే సూసినావా, ఆపేసి సూసినావా అన్నారు. ఆపేసి అన్నాను. నిలబడ్డ గుర్రం కుంటుతాదేటి అన్నారు.

ఆయన వర్క్‌షాపులో ఏ మోటారునైనా లోడు మీద నడిపించి చూడకుండా ఎవరూ సంతకం పెట్టేవారు కాదు. చిన్నప్పటినుంచీ అన్నం ముద్దలతోపాటు మింగిన మాట ఇది. మీసాలవాళ్ళ మీద రోషంతో పప్పులో కాలేశాను.

అంతటితో అయిందా? రోటరు బయటికి ఎందుకు లాగినావే అన్నారు. ఒకసారి బయటికొస్తే దాని అయస్కాంతం బలం సచ్చిపోతాది గదా అన్నారు. ఇది కాలేజీలో కూడా చెప్పారు.

నవంబర్ 14, శుక్రవారం

పొద్దున్నే వెళ్ళి, మెషిన్ నడుస్తుండగా డ్రైవర్ దగ్గర మీటరు పెట్టాను. ముప్పై ఆరు కాస్తా ఇరవై ఒకటికి పడిపోయింది. సప్లై పెట్టెలో ఒక స్క్రూ వదులై, దాని కింద తీగ మాడి ఉంది. మాడిన కొస కత్తిరించి గట్టిగా బిగించాను. నడుస్తున్నా ముప్పై ఐదుకి తగ్గలేదు. అంతే రోగం. మంగళవారమే చూసుంటే పది నిమిషాల పని.

కానీ పెద్ద మోటారు మూలల దగ్గర ఇంకా తడబడుతోంది. దానికి కావలసినంత కరెంటు ఈ డ్రైవర్ ఇవ్వలేదు. పాతదాన్ని మళ్ళీ కూర్చి పెట్టి చూశాను. రెండు వేళ్ళతో పట్టుకుంటే ఆగిపోయింది.

దీదీ పక్కనే నిలబడి చూస్తోంది. నేను చెప్పకపోతే ఆవిడకి జన్మలో తెలియదు. చెప్పేశాను. మంగళవారం మోటారు శుభ్రంగా ఉంది దీదీ, దాన్ని చంపింది నేనే, నీ కళ్ళముందే అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఏడుపు ఆదివారం పెట్టుకో మౌ, ఇప్పుడు మోటారు తే అంది దీదీ. మౌక్తిక అని నా పూర్తి పేరు పలకడం ఇక్కడ ఎవరివల్లా కాదు.

పాత మోటారు చేత్తో పట్టుకునే చాందనీ వెళ్ళాను. దాని ప్లేటు మీద ఉన్నట్టే మూడు ఆంపియర్లు, అదే పొడవు, అదే మందం ఇరుసు. షాపు దాదా నవ్వాడు. నవ్వనీ. జుమ్మా నమాజు అయి వీధి మళ్ళీ కదిలేసరికి బిగించేశాను. నడుస్తుండగా కొలిచాను, మూడుసార్లు. ఐదో పువ్వు దాటింది. పదో పువ్వు. ఇరవయ్యో పువ్వు. వెంట్రుకవాసి కూడా జరగలేదు. నాకు ఈ పని వచ్చు. నిన్నటికంటే ఇవాళ ఎక్కువ వచ్చు.

నవంబర్ 16, ఆదివారం

నలభైకి నలభై హాట్‌కి వెళ్ళాయి. దీదీ బావగారు వచ్చి కుట్టు తడిమి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారట. ఏమీ అనలేదన్న సంగతి దీదీ ఫోన్లో రెండుసార్లు చెప్పింది.

నవంబర్ 24, సోమవారం

పక్క వీధిలో ఎవరిదో మెషిన్ మీద డిజైన్ జరిగిపోతోందట, దీదీ నన్నే పంపింది. నేను చంపిన ఆ రోటరు ఆవిడ బల్ల మీద ఉంది. బలం చచ్చినా సూదులు పట్టుకునేంత మిగిలింది. సూదులన్నీ ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టి, దాన్ని నా చేతిలో ఉంచి, ఇప్పుడు వెళ్ళు అంది.