గుమ్మం పక్కన నువ్వు రాసిన వాక్యం

నాయనా,

ఉదయగిరి ఇల్లు అమ్ముతున్నాం. అమ్మ ఇక ఆత్మకూరులో నా దగ్గరే ఉంటుంది.

అమ్మేముందు ఏమేం బాగు చేయించాలో మేస్త్రీని అడిగాను. "టైల్సు దండగక్కా, కొనేవాళ్ళు వాళ్ళకు నచ్చినవి ఏసుకుంటారు. మిద్దె కారతా ఉండాది, అది ఆపి రంగులు కొడితే చాలు" అన్నాడు. నువ్వున్నా అదే చెప్పేవాడివి.

మిద్దె పని అయింది. వీధి గుమ్మం పక్కన నువ్వు రాసిన బైబిలు వాక్యం మిగిలింది. ఏటా క్రిస్మస్‌కు ఆ అక్షరాలనే మళ్ళీ నీలం రంగుతో దిద్దేవాడివి. అమ్మ డబ్బా పట్టుకుని నిలబడేది. కొనేవాళ్ళు మన చర్చివాళ్ళు కారు. కనపడకుండా చేయమని మర్యాదగానే అడిగారు.

"గీకేదా అక్కా?" అన్నాడు మేస్త్రీ. నేను పక్కనున్న అమ్మ వైపు చూశాను.

"గీకబాకయ్యా. పైన రంగు కొట్టు, చాలు" అంది అమ్మ.

రెండుసార్లు కొట్టేసరికి గోడ తెల్లబడింది. సాయంత్రం తాళం వేసి తిరిగి చూస్తే, అమ్మ ఇంకా గోడ దగ్గరే ఉంది. ఏళ్ళ తరబడి నువ్వు దిద్దిన రంగు పేరుకుని, తెలుపు కింద అక్షరాలు ఉబ్బెత్తుగా నిలిచే ఉన్నాయి. చూపు సరిగా ఆనని అమ్మ వాటిని వేలితో తడుముతూ చదువుకుంటోంది.

చివరి అక్షరం దాకా వెళ్ళి, వేలికంటిన తెలుపును కొంగుకు తుడుచుకుని, "పద" అంది.